దారి మూసిన తెల్లబట్ట

పెద్దతనంలో పలక పట్టినదాన్ని. ఒత్తులు తప్పితే మీరే దిద్దుకొని చదవండి. నా చెయ్యి నెమ్మది, ఈ కాస్త రాయడానికే చాలా పొద్దులు పట్టాయి.

గోదావరి ఒడ్డున ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, నస్పూర్ అవతల విమానం దిగడానికి ఒక మైదానం చేశారు. అందులో పక్కపక్కనే రెండు బాటలు. ఒకటి విమానం దిగడానికి, రెండోది దిగిన విమానం మెల్లగా షెడ్డుకు పోవడానికి. పైనుంచి చూస్తే రెండూ ఒకే తీరు ఎర్రమొరం మట్టి చారలు. ఒకసారి విమానం పక్కబాట మీదికే దిగబోయి, ఆఖరి క్షణంలో లేచిపోయింది. అప్పటినుంచి పక్కబాట మొదట్లో రెండు పొడుగాటి తెల్లబట్టలను ఒకదానికొకటి అడ్డంగా పరిచి మేకులు కొట్టారు. ఇక్కడ దిగవద్దని విమానం నడిపేవాడికి అదే గుర్తు.

దాన్ని చూసుకునే పని కావలి అంతయ్యది. అతని భార్య గంగుబాయి అక్కడే మొరం మోసేది. బట్టకు ఎర్రదుమ్ము పడితే ఉతికి మళ్లీ పరిచేది.

ఒక వేసవిలో ఎవరో పెద్దమనిషి విమానంలో వస్తున్నాడన్నారు. స్వాగతం పనంతా పటేల్ లక్ష్మీరాజం నెత్తిన వేసుకున్నాడు. గొప్పవాళ్ల కాలు నేలకు తగలకుండా బట్ట పరిచి నడిపించడం అక్కడి మర్యాద. ఆయన పొద్దున్నే మనుషులతో వచ్చేసరికి ఎదురుగా తెల్లటి బట్ట కనబడింది. దాన్ని పీకి, విమానం దిగే బాట పక్కన పరచమన్నాడు.

అంతయ్య అడ్డం పడ్డాడు. అది తీస్తే విమానం ఏ బాటకు దిగాలో తెలియదని మొత్తుకున్నాడు.

"గింత మైదానం కనవడనోడు విమానమేం నడుపుతడురా?" అని లక్ష్మీరాజం నవ్వాడు. వెంట ఉన్నవాళ్లూ నవ్వారు. అంతయ్య ఓవర్సీర్ దేవదాస్ దగ్గరికి ఉరికితే, ఒక్కపూటకేమవుతుందని అతను తల తిప్పుకున్నాడు. పైగా, షెడ్డుకు పోయే విమానానికి కుదుపు తగలకూడదని, ఆడవాళ్లను పక్కబాట మీద గుంతలు పూడ్చమన్నాడు.

విమానం నేరుగా వాళ్ల మీదికే వచ్చింది. గంగుబాయి తట్ట పారేసి, పక్కనున్న సక్కుబాయిని లాగింది. ఇద్దరూ బాట పక్క కాలువలో పడ్డారు. సక్కుబాయి కాలు విరిగింది. విమానం రెక్క మొరం కుప్పకు తగిలి, ఒక పక్కకు ఒరిగి ఆగింది.

లోపలివాళ్లకు ఏమీ కాలేదు. పెద్దమనిషి తలుపు దగ్గర నిలబడ్డాడు. అప్పుడు చూడాలి లక్ష్మీరాజం హడావుడి. అటు పరిచిన బట్టను ఇటు మోయించుకొచ్చి, విమానం కింద పరిపించి, దండ వేసి, దాని మీదే నడిపించుకుపోయాడు. కాలువలో ఏడుస్తున్న సక్కుబాయి వైపు ఒక్కడూ తిరిగి చూడలేదు. పోతూ పోతూ, బట్ట ఉతికి పెట్టమని మాత్రం గంగుబాయికి పురమాయించారు.

మర్నాడు విచారణకు హైదరాబాదు నుంచి ఆఫీసరు వచ్చాడు. మేకులు సరిగ్గా కొట్టలేదు, బట్ట గాలికి కొట్టుకపోయింది, తప్పు కావలివాడిదని లక్ష్మీరాజం చెప్పాడు. దేవదాస్ తల ఊపాడు. నౌకరీ పోతుందని అంతయ్యకు అర్థమైపోయింది.

గంగుబాయి ఇంటికి పోయి మూట తెచ్చి, వాళ్ల ముందర విప్పి పరిచింది. ఆమె బట్ట ఉతకలేదు. నిండా బూట్ల ముద్రలు, చెప్పుల ముద్రలు, నలిగిన బంతిరేకులు.

"గాలి బట్టనెత్తుకపోతది పటేలా. చెప్పుల అచ్చులు గూడ ఏస్తదా?" అంది. "మా ఆయన వద్దంటుంటే పీకిచ్చినవు. సక్కుబాయి కాలిరిగింది. జర నీ నోటితోని చెప్పు, నేనే పీకిచ్చిన్నని."

ఆయన కండువా దులుపుకొని పక్కకు జరిగాడు. ఆఫీసరు వంగి ఆ అచ్చులు చూశాడు. అంతయ్య పనిలోనే ఉంటాడని, ఇకనుంచి ఆ గుర్తు సున్నం కొట్టిన బండలతో పెట్టాలని దేవదాస్‌కు చెప్పి జీపెక్కాడు. లక్ష్మీరాజాన్ని ఒక్క మాట అనలేదు. ఆ బండలు మోసింది కూడా ఆ ఆడవాళ్లే.

వానాకాలంలో ఇంకో పెద్దమనిషి వచ్చాడు. హారతిపళ్లాలు పట్టుకొని వరుసగా నిలబడాలని లక్ష్మీరాజం మొరం మోసే ఆడవాళ్లకు కబురు పెట్టాడు.

"సక్కుబాయిని అడిగిరమ్మను మీ పటేలును. ఆమె నడిసొస్తే మేమొస్తం," అని గంగుబాయి తిప్పి పంపింది.

ఒక్కతె కూడా పోలేదు.

కొత్తపెల్లి శంకరవ్వ, అరవై రెండేళ్లు, ఇప్పుడు ఉండేది మెట్‌పల్లిలో.