ట్యాంకులో నీళ్ళు

షాపులకు బోర్డులు రాసే పెయింటరు కాబట్టి అతని అసలు పేరు ఎప్పుడో మరుగున పడిపోయింది. వీధిలో అందరికీ అతను కుంచె. తుక్కు కొట్టు వెనక పొదల్లో కూరుకుపోయి ఉన్న పాత కారును కుంచె కొన్నాడని తెలిసినప్పుడు వీధి వీధంతా నవ్వింది. "దీన్ని నడపడం కంటే మోసుకుపోవడం తేలిక," అన్నాడు పక్కింటాయన. కుంచె పట్టించుకోలేదు. సంపాదనంతా దాని నోట్లోనే పోశాడు. చివరికి ముసల్ది దగ్గుతూ తుమ్ముతూ లేచి నిలబడింది. కొత్త రంగుతో ఆ మెరుపు చూశాక నవ్విన నోళ్ళే "మమ్మల్నీ ఒకసారి ఎక్కించవా?" అని అడిగాయి.

ఆ రోజు ఉదయం స్కూలు బస్సు నడిపే చెల్లెలు సెలవు పెట్టి వచ్చింది. కొత్త టైర్లు చూడటానికి ఇద్దరూ బయలుదేరుతుంటే కుంచె భార్య గుమ్మంలోకి వచ్చింది.

"ఇవాళ బస్సులో వెళ్ళొచ్చు కదా?"

"ఇంట్లో ఏనుగును పెట్టుకుని గాడిదనెక్కమంటావేంటి?" అన్నాడు కుంచె. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. భార్య ముఖం ఎందుకో పాలిపోయింది. ఆమె ఏదో అనబోయింది గానీ అప్పటికే కారు సందు దాటేసింది.

రైల్వే గేటు తెరిచే ఉంది. ముందు చక్రాలు పట్టాలెక్కాయో లేదో, ఇంజను గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఎగిరెగిరి పడి ఆగిపోయింది. కుంచె తాళం తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

ఆ తర్వాత అతని చెంప భగ్గుమంది.

చెల్లెలు అతని మీదకు వంగి గేరు లాగేసి, అరుస్తోంది. "అన్నయ్యా! స్టీరింగు పట్టుకో! నేరుగా పట్టుకో!" ఎప్పుడు మొదలైందో గంట గణగణ మోగుతోంది. గేటు కిందకు దిగిపోయింది. కారు వెనక ఎవరెవరో కేకలు వేస్తూ తోస్తున్నారు. కుంచె స్టీరింగు పట్టుకున్నాడు. కారు పట్టాలు దాటి అవతలి గేటుకు ముక్కు ఆనించి ఆగింది. ఊపిరి తీసుకునేలోపే వెనక నుంచి రైలు గాలి కారును ఊపేసింది. ఒక్కో పెట్టె వీపు మీదుగా పోతున్నట్టే అనిపించింది.

తోసిన వాళ్ళలో ఒకాయన కిటికీలోకి తల పెట్టి, "పెద్దాయనా, భూమ్మీద నూకలున్నాయి నీకు," అన్నాడు. కుంచెకు పైప్రాణాలు పైనే పోయాయి. చెల్లెలు మాత్రం రైలు వెళ్ళిన వైపు చూడలేదు. అన్నయ్య ముఖంలోకే చూస్తోంది.

కారును తాడు కట్టి మెకానిక్ షెడ్డుకు లాక్కెళ్ళారు. మెకానిక్ ట్యాంకు అడుగున బిరడా విప్పి, కారిందంతా గాజు సీసాలోకి పట్టాడు. కాసేపటికి సీసాలో గీత గీసినట్టు రెండు పొరలు తేలాయి. పైన పెట్రోలు, కింద తేటగా నీళ్ళు.

"ఇన్ని నీళ్ళా!" కుంచె కళ్ళు పెద్దవయ్యాయి. "బంకు వాడి తాట తీస్తాను!"

"బంకు నీళ్ళయితే పొద్దుటి నుంచి ఇక్కడ క్యూ కట్టేవాళ్ళు," అన్నాడు మెకానిక్. "మూత రబ్బరు కూడా గట్టిగానే ఉంది. వాన నీళ్ళు కావు."

"మరి పొద్దున ఠక్కున స్టార్టయిందే?"

"కార్బొరేటర్లో మిగిలిన మంచి పెట్రోలుతో బయలుదేరుతుంది గురువుగారూ. అదయిపోయాక అడుగు నీళ్ళు పైపులోకి ఎక్కుతాయి. అక్కడితో సరి."

ఇద్దరూ ఇంటికి నడిచి వచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఉంది. "కారేది?" అంది.

"ఆగిపోయింది."

"ఎక్కడ?"

"పట్టాల మీద," అంది చెల్లెలు. "రైలు వస్తుంటే, వదినా."

భార్య నిలువునా కూలిపోయి మెట్టు మీద, చెప్పుల మధ్యే కూర్చుండిపోయింది. "స్టార్టే అవదనుకున్నాను," అంది. "నీళ్ళు పోస్తే అసలు కదలదనుకున్నాను. నేనే పోశానండీ."

కుంచెకు ఆ మాట చెవుల్లోకి వెళ్ళింది గానీ బుర్రలోకి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. తను సుస్తీగా పడుకుంటే రాత్రంతా కూర్చునే మనిషి. చెయ్యి కాస్త కోసుకుంటే తనకంటే ముందు ఏడ్చే మనిషి.

"నన్ను చంపుదామనా?" అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"బతికించుకుందామని!" ఆమె ఒక్కసారిగా అరిచింది. "ఆసుపత్రి మలుపులో ఏం జరిగిందో మీకు గుర్తుందా? కళ్ళు తెరిచే ఉన్నాయి, మీరు లేరు. పిలిస్తే పలకలేదు. కారు గోడ మీదకు పోతుంటే స్టీరింగు నేను తిప్పాను. తర్వాత ఏమీ జరగనట్టు మాట అందుకున్నారు. డాక్టరు దగ్గరకు పోదామంటే, 'నువ్వు కల కని ఉంటావు' అని నవ్వేశారు. వంటింట్లోనూ అంతే. చేతిలో గ్లాసు పట్టుకుని శిలలా ఉండిపోయారు. ఎన్నిసార్లు చెప్పాలి? మీరు వినరు. కారైనా వింటుందనుకున్నాను."

"అబద్ధం," అన్నాడు కుంచె. సాక్ష్యం కోసం చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. పట్టాల మీద నేను బాగానే ఉన్నాను కదా? భయంతో కాస్త బిగుసుకుపోయానేమో, అంతే."

చెల్లెలు అన్నయ్య దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది.

"నిన్ను నేనెన్ని దెబ్బలు కొట్టానన్నయ్యా?"

"ఒకటి."

"గంట మొదలైనప్పటి నుంచీ కొడుతూనే ఉన్నాను. ఒకటి కాదు, రెండు కాదు. పిలిచాను, గిల్లాను, చెంపలు వాయించాను. నువ్వు కారు ముందు అద్దం వైపే చూస్తూ కూర్చున్నావు. నీ ముఖంలో భయం కూడా లేదు."

కుంచె చెయ్యి దానంతటదే చెంప మీదకు వెళ్ళింది. రెండో చెంప కూడా మండుతోందని అప్పుడే తెలిసింది. గంట మొదలవడం తను వినలేదు. గేటు దిగడం చూడలేదు. తాళానికీ దెబ్బకీ మధ్య తన బతుకులోంచి ఒక ముక్కను ఎవరో కత్తిరించి, అతుకు కనిపించకుండా కుట్టేశారు. ఇలాంటి ముక్కలు ఇంకెన్ని పోయాయో!

ఆ వెంటనే అతనికి నిచ్చెన గుర్తొచ్చింది. రోజూ రెండో అంతస్తు ఎత్తున నిలబడి అక్షరాలు రాసే నిచ్చెన. భార్య చెయ్యి పట్టుకుని, "పద," అన్నాడు. "డాక్టరు దగ్గరకు. ఇప్పుడే."

మెదడులో చిన్న మెరుపుల్లాంటి మూర్ఛ అని డాక్టరు తేల్చింది. మందులు రాసి, తను చెప్పేదాకా బండి ముట్టుకోవద్దంది, ఎత్తు ఎక్కవద్దంది. కుంచె ఎదురు చెప్పలేదు. భార్యే ఉండబట్టలేక నీళ్ళ సంగతి బయటపెట్టింది. డాక్టరు కలం కింద పెట్టి, "అమ్మా, ఇంకెప్పుడూ ఇలాంటి వైద్యం చెయ్యకండి," అంది. తర్వాత ఆడబిడ్డను పట్టుకుని భార్య ఎంత ఏడ్చిందంటే, చివరికి ఆ పిల్లే, "ఇక చాల్లే వదినా, నా చొక్కా పిండుకోవాల్సొచ్చేట్టుంది," అని నవ్వించాల్సి వచ్చింది.

కుంచె మాత్రం చాలా రోజులు భార్యతో ముభావంగానే ఉన్నాడు. కోపం ఎవరి మీదో అతనికే తేలలేదు. షెడ్డుకు వెళ్ళి మెకానిక్‌తో కలిసి ట్యాంకు దింపించి తుప్పు కడిగాడు, పైపుల్లోకి గాలి కొట్టాడు, కార్బొరేటరు విప్పి నీటి చుక్కలు తుడిచాడు. బండి బాగయ్యాక తాళం చెల్లెలి చేతిలో పెట్టాడు. బోర్డులు ఇప్పుడు కిందకు దింపించి, నేల మీద పరుచుకుని రాస్తున్నాడు.

ఒక సాయంత్రం టీ తాగుతుండగా భార్య ఏదో చెబుతోంది. అతను ఉలిక్కిపడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఇందాక... నేనున్నానా?"

ఆమె అతని కళ్ళలోకి పరీక్షగా చూసింది.

"ఉన్నారు," అంది. "నేను చెప్పేది వినడం లేదు, అంతే."