లిల్లీ గురించి టీవీలో వేశారు

లిల్లీ తన తప్పువల్లే చచ్చిపోయిందని కాంట్రాక్టరు మనుషులు చెప్పారు. తడి చేతులతో వాటర్ కూలర్ ముట్టుకుందట. న్యూ టౌన్‌లోని ఆ యూనివర్సిటీ హాస్టల్లో నేల తుడిచే మనిషి చేతులు పొడిగా ఎలా ఉంటాయో మాత్రం వాళ్ళు చెప్పలేదు. కూలర్ షాక్ కొడుతోందని ఆమె సూపర్‌వైజరుకు ముందే చెప్పింది. చెప్పినప్పుడు జతగా పనిచేసే అమ్మన్నమ్మ పక్కనే ఉంది. యూనివర్సిటీ విచారణ కమిటీ వేసింది. సాల్మన్ రాజుకు కావలసింది ఒక్కటే. తప్పు తన భార్యది కాదని ఆ కమిటీ రాయాలి.

ఓడల డాక్కులో సరుకు దింపే తనలాంటి కూలీ మాట ఎవరు వింటారు? అందుకే జాబేజ్ వచ్చి అడగగానే ఒప్పుకున్నాడు. ఏక్‌బాల్‌పూర్‌లో జాబేజ్‌ది వాళ్ళ సందే, వాళ్ళ తెలుగు చర్చే. ఆ యూనివర్సిటీలోనే చదువుతూ, అక్కడ విద్యార్థులు సొంతంగా నడుపుకునే టీవీలో పనిచేస్తున్నాడు. మధ్యాహ్నం భోజనాల హాలు గోడలకున్న తెరల మీద వాళ్ళ వార్తలు వస్తాయి.

"మావా, తెలుగులోనే సెప్పు. కింద బంగ్లా అచ్చరాలు నేనేస్తాను. కమిటీవోళ్ళు కూడా సూస్తారు" అన్నాడు.

స్టూడియో అంటే ఒక చల్లటి గది, గోడల నిండా నల్ల గుడ్డ. పౌలమి అనే బెంగాలీ అమ్మాయి అతని చొక్కాకు మైకు తగిలించి, బాబాయిని పిలిచినట్టు "కాకు, కెమెరాను చూడొద్దు, జాబేజ్‌ని చూస్తూ మాట్లాడండి" అంది.

సాల్మన్ రాజు నలుగురి ముందు మాట్లాడిన చోటు చర్చి ఒక్కటే. అక్కడ లేచి నిలబడి తన సంగతి చెప్పుకోవడానికి ఒక తీరు ఉంది. మొదట వందనాలు, తర్వాత పడ్డ కష్టం, చివర్లో క్షమించానన్న మాట. బిడ్డను పోగొట్టుకున్నవాడూ అలాగే ముగిస్తాడు, ఇల్లు కాలినవాడూ అలాగే ముగిస్తాడు. అలా ముగించనివాణ్ణి పెద్దలు కూర్చోనివ్వరు.

వందనాలయ్యాయి. కూలర్ సంగతి చెప్పాడు. "చెప్పులేసుకుని తుడువు, ఏమీ కాదు" అన్న సూపర్‌వైజరును పేరు పెట్టి చెప్పాడు. లిల్లీ వేళ్ళు నల్లబడిన సంగతి చెప్పాడు. చెప్పాల్సింది అయిపోయింది. నోరు ఆగలేదు. యాస పోయి చర్చి భాష వచ్చేసింది.

"నాకు ఎవరి మీదా పగ లేదు. అందరినీ క్షమించాను. ఈ కొద్ది మాటలు దేవుడు దీవించును గాక."

వార్త వేసే రోజున పని మానుకుని బస్సెక్కి వెళ్ళాడు. భోజనాల హాల్లో వంటవాళ్ళ వెనక నిలబడ్డాడు. పక్కన అమ్మన్నమ్మ. తెర మీద హాస్టల్ గేటు వచ్చింది, లిల్లీ ఫోటో వచ్చింది. కాంట్రాక్టరు మేనేజరు వచ్చి కొత్త కూలర్లు తెప్పిస్తున్నామన్నాడు. ఆ తర్వాత తెర నిండా సాల్మన్ రాజు ముఖం. "నాకు ఎవరి మీదా పగ లేదు. అందరినీ క్షమించాను." అంతే. ఫుట్‌బాల్ పోటీల వార్త మొదలైంది.

పిల్లలు చేపల కూర కలుపుకుంటున్నారు.

"ఏటి బావా, సమించీసినావా?" అంది అమ్మన్నమ్మ.

"కోసీసినారే. నాను శానా సెప్పినాను."

"నాకు కనబడింది ఇదే. మొగుడివి నువ్వే వొగ్గీసినాక, సూపర్‌వైజరు మీద నానెల్లి సెప్పాలా? నా ఉజ్జోగం ఊడబీకీరా? నువ్వు పరలోకం ఎల్లు బావా. నాను బజారు ఎల్లాల."

సాక్ష్యం చెప్పడానికి కమిటీ ముందుకు ఆమె రాలేదు. సాల్మన్ రాజు వెళ్ళాడు. వాళ్ళు ఆ ముక్కనే లాప్‌టాప్‌లో వేసి చూపించి, హిందీలో అడిగారు.

"ఈ మాటలు మీవేనా?"

"నావే. కానీ దానికి ముందు..."

"ఎవరైనా బలవంతపెట్టి చెప్పించారా?"

"లేదు సార్. మా చర్చిలో అలాగే ముగిస్తాం."

"చాలా గొప్ప మనసు మీది" అన్నాడు మధ్యలో కూర్చున్న ప్రొఫెసరు, లాప్‌టాప్ మూసేస్తూ.

లిల్లీ అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందని రాశారు. భర్తకు ఫిర్యాదు లేదని కూడా రాశారు. ఆ సంగతి అతన్ని పిలిచి చెప్పి పంపిన రోజున, బయట మెట్ల మీద జాబేజ్ కెమెరాతో ఎదురొచ్చాడు.

"మావా, కమిటీ ఏటన్నాది? ఒక్క ముక్క సెప్పు, రేపు ఏసెత్తాం."

"మిగతాది ఏటి సేసినావు?"

జాబేజ్ కెమెరా దించాడు. "ఏది ఏసినా ముందు మా టీవీ మీదున్న మేడమ్ సూడాలి మావా. సూపర్‌వైజరు పేరుంటే స్టూడియోకి తాళం ఏసెత్తానన్నారు. పేరు తీసెత్తే మిగతాది అతకలేదు. అసలు ఎయ్యకపోడం కన్నా కొంతైనా..."

"ఆ కొంత ఏరింది నువ్వే."

"మంచి మాటే కద మావా."

"అది మనోళ్ళు అలవాటుగా అనే మాట అని ఆ మేడమ్‌కి తెల్దు. ఆ బెంగాలీ పిల్లకి తెల్దు. నీకు తెలుసు. మీ బాబు కూడా అలాగే ముగిత్తాడు. తెలిసే ఏరినావు."

జాబేజ్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సమించు మావా."

"సమించను."

సాల్మన్ రాజు కెమెరా లాక్కుని కుర్రాడి ముఖానికేసి తిప్పాడు. "సెప్పు. ఏటి కోసినావో నువ్వు సెప్పు."

జాబేజ్ తల పక్కకు తిప్పుకున్నాడు. మెట్లు దిగుతున్న పిల్లలు వాళ్ళను తప్పుకుని పోతున్నారు. కెమెరా నడుస్తోందో లేదో సాల్మన్ రాజుకు తెలియదు. పట్టుకునే నిలబడ్డాడు.