ఎత్తు బండి

పరాయి దేశంలో లైసెన్సు చేతికొచ్చి మూడు నెలలు నిండకుండానే మా ఆయన చిన్న బండి అమ్మేసి గుర్రమంత బండి తెచ్చాడు, దాంతోపాటు మందపాటి బూట్లు కూడా. మీ కాళ్ళు నేలకు అందవు, ఆ ఎత్తు మీకు వద్దని నెత్తీనోరూ బాదుకున్నా వినలేదు.

నన్ను ఎక్కించుకున్న మొదటిరోజే, వంతెన ఎక్కేచోట ఎర్రలైటు పడింది. కుడికాలు బ్రేకు మీదే ఉంచి ఎడమకాలు కిందికి దించాడు. బండి ఎడమకు ఒరిగింది. అటు పక్కనే లారీ ఆగి ఉంది. దాని చక్రానికీ నా మోకాలికీ మధ్య మూరెడు కూడా లేదు.

"దిగనా?" అన్నాను.

"కదిలితే పడతాం. అలాగే కూర్చో."

ఆయన కాలి వణుకు నా దాకా వస్తోంది.

"కాలు సరిగ్గా ఆనించండి."

"ఆనించాను."

"మరి వణుకెందుకు?"

"చలికి."

ఎండ మాడ్చేస్తోంది.

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. బండి ఇంకాస్త ఒరిగింది. ఇక ఆయన మాట లెక్కచేయకుండా నా బరువంతా కుడివైపుకు వేశాను. బండి నిలబడి, ఒక్క ఉదుటున ముందుకు దూకింది.

ఇంటికొచ్చి ఆయన స్నానానికి వెళ్ళగానే ఆ బూట్లు పారేద్దామని ఎత్తాను. లోపల ఏదో గట్టిగా తగిలింది. లాగితే, పాదం ఆకారంలో కత్తిరించిన అట్టముక్కలు, ఒకదాని మీద ఒకటి. పైముక్క మీద సగం హెల్మెట్టు బొమ్మ ఉంది.

నా తల జాగ్రత్త అంటూ మొన్న ఆయన కొనిచ్చిన హెల్మెట్టు పెట్టెది.