బెత్తెడు చార

పొయ్యి మీద అన్నానికి ఎసరు పెట్టి మమతారాణి వెనక గదిలో కండెల మిషన్ ముందు కూర్చుంది. సిరిసిల్లలో వాళ్ల కార్ఖానాకు ఆరు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఉన్నాయి. బట్ట నేసేటప్పుడు అడ్డంగా పోయే నూలును కండెలకు చుట్టి ఆరు సాంచాలకూ అందించాలి. ఆ పని పద్దెనిమిదేళ్లుగా ఆమెదే. పెళ్లయిన కొత్తలో ఒకసారి భుజం గుంజుతోందంటే భర్త పర్శరాములు నవ్వాడు.

"కూసోని చుట్టుడు గూడ పనేనా? సాంచ కాడ నిలవడి సూడు, తెలుస్తది."

మళ్లీ ఆమె భుజం సంగతి ఎత్తలేదు.

పోయిన నెల పన్నెండు తానులు తిరిగొచ్చాయి. ఈ ఏడు నుంచి వాళ్లు నేసిన తెల్లబట్టను బడి యూనిఫాంల కంపెనీ కొని నీలం రంగు వేయిస్తుంది. రంగు పడ్డాక బట్ట మీద లేత చారలు తేలాయి. మళ్లీ ఇట్లయితే ఆర్డర్ వేరే కార్ఖానాకు ఇస్తామని కంపెనీ నుంచి ప్రవళిక ఫోన్ చేసి చెప్పింది. ఆరు సాంచాలూ ఆ ఒక్క ఆర్డర్ మీదే నడుస్తున్నాయి. పర్శరాములు ముందు సాంచ నడిపే కైలాసాన్ని తిట్టాడు. తర్వాత రంగు వేసినవాళ్లను, చివరికి కరెంటును.

మమతారాణి ఒక తాను దాబా మీదికి తీసుకుపోయి ఎండలో పరిచింది. చారలను చేత్తో కొలిచింది. ప్రతి చారా బెత్తెడే. ఒక కండె నూలుతో నేసే బట్ట కూడా బెత్తెడే. తప్పు సాంచలో లేదు, కండెలో ఉంది. ముందు విడత కొన్న పాత లాటు నూలు కొద్దికొద్దిగా మిగిలితే దాన్నీ కండెలకు చుట్టి కొత్త నూలు కండెల్లో కలపడం ఆ ఇంటి అలవాటు. తెల్లగా ఉన్నంతసేపు రెండూ ఒకటే. రంగు పడితే వేరు. ఆ అలవాటు నేర్పింది అత్త. పద్దెనిమిదేళ్లు పాటించింది తాను.

మరునాటి నుంచి ఆమె పాత లాటు బుట్టకు ఎర్ర పేలిక, కొత్త లాటు బుట్టకు పచ్చ పేలిక కట్టింది.

"మీ తల్లిగారింట్ల నూలు పారవోస్తరేమో! మా కాలంల పోగు గూడ పారెయ్యలే" అంది అత్త.

"పారేస్తలేనత్తా. కలుపుతలేను."

"పేలికలు కట్టుకుంట కూసున్నవు, ముందుగాల కండెలియ్యి" అన్నాడు పర్శరాములు.

తర్వాత పోయిన బట్టలో చార రాలేదు. ప్రవళిక చూడటానికి వచ్చింది. బుట్టల దగ్గర ఆగింది.

"మంచిగున్నదన్నా. ఎవరి ఆలోచన?"

"నాదే మేడం" అన్నాడు పర్శరాములు.

మమతారాణి చాయ్ గ్లాసులతో గుమ్మంలో ఉంది. అతను అటు చూడలేదు.

"సోమారం కరీంనగర్ల మీటింగుంది. కార్ఖానాకొకరు రావాలె. మీ దగ్గర ఇంకా ఏం లోపమున్నదో రాసుకొని రావాలె" అంది ప్రవళిక, ఒక కాగితం ఇస్తూ.

"చార పోయింది గదా మేడం, ఇంకేం లోపం?"

"ఒక్కపారి మంచిగ చేస్తే అయిపోదన్నా. మిషన్లు అరుగుతయి, నూలు మారుతది. ఎప్పటికప్పుడు సూసుకోకుంటే ఆ చారనే ఇంకో తీరుగ వస్తది."

ప్రవళిక వెళ్లిపోయింది. మమతారాణి మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. కోపం వచ్చిందా అని తనను తాను ప్రశ్నించుకుంది. వచ్చింది. కానీ అతను 'నాదే' అన్నందుకు కాదు, ఆ మాట అనడానికి అతను ఒక్క క్షణమైనా ఆగనందుకు. ప్రవళిక చెప్పింది కూడా ఆమెకు కొత్త కాదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు రావడం మొదలైనప్పుడు బట్టలుతికే రోజులు మార్చింది. అత్తకు షుగర్ వచ్చినప్పుడు వంట మార్చింది. కైలాసం డ్యూటీ మారితే తన తిండి వేళ మార్చుకుంది. ఈ ఇంట్లో ఏదో ఒకటి సరిచేయని నెల లేదు. దానికి ఎవరూ కాగితం ఇవ్వలేదు, ఎవరి ఆలోచన అని అడగలేదు. ఎవరైనా వచ్చి 'నీ భార్య ఏం చేస్తుంది' అంటే పర్శరాములు 'ఇంట్లనే ఉంటది' అంటాడు. అందులో అబద్ధం లేదు. ఆమె ఇంట్లోనే ఉంటుంది. కండెల మిషన్ కూడా ఇంట్లోనే ఉంది.

పర్శరాములు కాగితం, పెన్ను పట్టుకొని వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"జర చెప్పు, ఏం రాయాల్నో. నీకు తోస్తయి గదా గిసుంటివి."

ఆమె మిషన్ ఆపింది.

"రాసుకో. కండెలు చుట్టుడు ఒక్క మనిషికే వస్తది. ఆ మనిషి ఒక్కరోజు లేకుంటే ఆరు సాంచాలు ఆగుతయి."

అతను సగం రాసి తలెత్తాడు.

"నువ్వెందుకుండవు?"

"సోమారం కరీంనగర్ మీటింగుకు నేను పోతున్న."

"నువ్వా? ఆడ అందరు కార్ఖానాలు నడిపే ఆసాములే ఉంటరు."

"ఉండనియ్యి. బుట్టల సంగతి అడిగితే చెప్పెటోళ్లు ఉండాలె గదా."

వంటింట్లోంచి అత్త కేకేసింది.

"మరి కండెలెవరు చుడ్తరే?"

మమతారాణి లేచి, తాను కూర్చున్న పీటను పర్శరాములు వైపు జరిపింది.

"కూసో, నేర్పిస్త. ఇంకా మూడు దినాలున్నయి."