ఫ్రిజ్‌లో లచ్చన్న నెత్తురు

లచ్చన్న సంచి సర్దుతున్నంతసేపూ నరసాయమ్మ ధ్యాస ఫ్రిజ్ మీదే ఉంది. అందులో అతని మందు సీసాలున్నాయి. వాటి పక్కనే, ఆ పొద్దున డాక్టరమ్మ అతని చేతినుంచి తీసిన నెత్తురు, మూత బిగించిన గాజుగొట్టంలో ఉంది.

డాక్టర్ సూర్యావతి బహ్రెయిన్‌లో, మహూజ్ పేటలోని ఆ ఫ్లాట్‌లో ఉంటూ ఆసుపత్రికి వెళ్ళొచ్చేది. నరసాయమ్మ ఆమెకు వండిపెట్టేది. గడ్డకట్టని నెత్తురు గురించే డాక్టరమ్మ చదువు, వైద్యం, పరిశోధన అన్నీను. ఇంట్లో పుస్తకం చదువుతున్నా గుప్పిట్లో ఏదో ఒక గొట్టం పట్టుకుని, ఉండుండి వంచి చూసేది. ఒంటి వెచ్చదనానికి మామూలువాళ్ళ నెత్తురు పెరుగులా తోడుకునేది. లచ్చన్నది నీళ్ళలా జారుతూనే ఉండేది. కూలీల క్యాంపులో పన్ను పీకించుకుంటే నెత్తురు ఆగక ఆమె దగ్గరికి వచ్చినవాడతను.

"ఈ మందు దగ్గరుంటుందనే నిన్ను ఊరికి పంపుతున్నాను. దారిలో ఏ దెబ్బ తగిలినా ముందు సూది వేయించుకో, తరవాతే ఇల్లు," అని చెప్పి ఆమె డ్యూటీకి వెళ్ళింది.

"అవ్వా, గిన్ని ఖర్జూరాలెందుకే? దుబాయిల దుకాణం పెట్టిన్ననుకుంటరు ఊరోళ్ళు," అన్నాడు లచ్చన్న.

"అవ్వ ఎవర్రా నీకు? పిన్నీ అను. ఇది దుబాయి కాదు, బహ్రెయినని ఎన్నిసార్లు చెప్పాలి?"

"మాకు ఇమానం దిగితే అంతా దుబాయే."

నరసాయమ్మ నవ్వుతూనే సీసాలు తీసి, మంచుముక్కలు నింపిన ఫ్లాస్కులో పెట్టి మూత బిగించింది. కింద హారన్ మోగింది. "యల్లా, యల్లా!" అని తొందరపెడుతూ డ్రైవరు కేకేశాడు. లచ్చన్న సంచి భుజాన వేసుకున్నాడు.

"పోయొస్త పిన్నీ."

తలుపు వేయబోతూ చూసింది. ఫ్లాస్కు వంటగట్టు మీదే ఉంది.

మెట్ల మీద అతని వీపు ఇంకా కనబడుతోంది. నోరు తెరిచింది. పిలవబోయి ఆపుకుంది. తన మొగుడు గణపతి అంతర్వేది నుంచి సముద్రం మీదికి బయల్దేరిన రోజున, మరిచిపోయిన అన్నం గిన్నె కోసం వెనకనుంచి పిలిచింది. పడవ తిరిగి రాలేదు. బయల్దేరిన మనిషిని వెనక్కి పిలిచావని అత్త చచ్చేదాకా ఆడిపోసుకుంది. అందుకే ఇప్పుడు వెనక మెట్లు దిగి ఎదురుపడదామని, చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. వీధిలోకి వచ్చేసరికి కారు లేదు.

"ఒక్క కేక వేయలేకపోయావా!" అంది సాయంత్రం డాక్టరమ్మ.

"వెనకనుంచి ఎలా పిలుస్తానమ్మా?"

డాక్టరమ్మ బొంబాయిలో తెలిసిన వైద్యుడికి ఫోన్ చేసింది. ఆయన మనిషిని పంపేలోగా లచ్చన్న అక్కడ విమానం దిగి ఊరి బస్సెక్కేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఫ్రిజ్‌లోంచి పెరుగుగిన్నె తీస్తుంటే నరసాయమ్మ వేళ్ళకు వెచ్చగా ఏదో తగిలింది. గాజుగొట్టం. చుట్టూ ఉన్నవన్నీ చల్లగానే ఉన్నాయి. డాక్టరమ్మలాగే గుప్పిట్లో పట్టుకుని వంచింది. నెత్తురు కదల్లేదు. తలకిందులు చేసింది. అయినా జారలేదు.

ఫోన్ చేస్తే డాక్టరమ్మ ఉన్నపళంగా వచ్చింది. గొట్టాన్ని అటూ ఇటూ వంచుతూ చాలాసేపు కూచుంది.

"ఇందులో గడ్డకట్టనివ్వని మందు కలిపాను నరసాయమ్మా. నీదైనా, నాదైనా, ఎవరి నెత్తురైనా ఇందులో గడ్డకట్టదు."

"ఇంకా వెచ్చగానే ఉందా అమ్మా?"

డాక్టరమ్మ దాన్ని రెండు చేతుల మధ్యా పట్టుకుంది. కాసేపటికి, "చల్లబడుతోంది," అంది.

బొంబాయి నుంచి ఆర్మూరు వెళ్ళే బస్సు గతుకులో పడి లచ్చన్న తల కిటికీ ఊచకు కొట్టుకుంది. అతను మళ్ళీ బహ్రెయిన్ రాలేదు. ఊరు కూడా చేరలేదు. 1994 మార్చిలో, ఆ మధ్యాహ్నమే, బస్సులో పోయాడు.