పిల్లికి ఒక్కపొద్దు

ఇలా నా పక్కకి జరగండర్రా. ఆ ఫ్యాను చప్పుడులో దూరంగా కూర్చుంటే సగం మాటలు గాలికే పోతాయి. ఉంగుటూరులో జాకెట్లు కుట్టే గుల్షన్ ఉంది చూశారూ, ఆవిడకీ ఒక పిల్లికీ జరిగిన సంగతి చెబుతాను.

ఆ పిల్లి నిజానికి గుల్షన్‌ది కాదు, పక్కింటి గాయత్రిది. గాయత్రి బళ్ళో టీచరు, అత్తగారు సుందరమ్మతో ఉంటుంది. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి. గోడకి అటువైపు ఉన్నంతసేపూ దాని పేరు మల్లి, తిండి పెరుగన్నం. ఇటువైపు దూకిందంటే పేరు మున్నీ, తిండి చేప తలకాయ. ఈ రెండో పేరూ రెండో తిండీ గాయత్రికి తెలియవు. మీ పిల్లి మా ఇంట్లో తింటోందండీ అని చెబితే, మీరు దానికి కడుపునిండా పెట్టడం లేదని దెప్పినట్టు ఉంటుందేమోనని గుల్షన్ నోరు మెదపలేదు. అది ఆవిడ మర్యాద.

గాయత్రి మర్యాద ఇంకొకటి. మల్లి ఒళ్ళు ఆరకముందే మళ్ళీ మళ్ళీ కడుపుతో ఉండేది. కిందటిసారి పిల్ల అడ్డం తిరిగి, చావు తప్పి బయటపడింది. ఇంకొక్కసారి కడుపైతే ఇది దక్కదు, గర్భసంచి తీయించేయండి అని తాడేపల్లిగూడెంలో జంతువుల డాక్టరు ఆనంద్ పాల్ గారు గట్టిగా చెప్పారు. అయితే గుల్షన్‌కి చిన్న వయసులోనే, ఒక్క బిడ్డనైనా ఎత్తుకోకముందే, గర్భసంచి తీసేశారు. ఆ మాట ఆవిడ దగ్గర ఎలా అనేది? అందుకని ఆపరేషను సంగతి గోడ దాటకుండా గాయత్రి అత్తగారి నోరు కట్టేసింది.

అది రంజాను నెల. తెల్లవారుజామున, ఒక్కపొద్దు మొదలయ్యేలోపు తినే సహరీకి గుల్షన్ పొయ్యి వెలిగించగానే పిల్లి గోడ దిగి వచ్చి, ఆవిడ మోకాలికి ఆనుకుని కూర్చునేది. ఆ రోజు మాత్రం కూర్చోలేదు. వచ్చీ రాగానే గిన్నెలో తల పెట్టేసింది. చేప తలకాయ తిని, అన్నం తిని, గిన్నె నాకింది.

"ఏమే మున్నీ, రాత్రి ఏమీ పెట్టలేదా మీవాళ్ళు? నువ్వూ మాలాగా ఒక్కపొద్దు పట్టేవా ఏంటి?" అని గుల్షన్ నవ్వి, ఇంకో ముక్క వేసింది.

ఎండ ఎక్కాక ఆవిడ మిషను దగ్గర కూర్చుంటే, గోడ అవతల సుందరమ్మ మందారాలు కోస్తోంది.

"మల్లి కనబడట్లేదేంటండీ పెద్దమ్మగారూ?"

"గూడెంలో జంతువుల ఆసుపత్రికి తీసుకెళ్ళింది మా కోడలు. చేపల ట్రేలో కూర్చోబెట్టి, పైన ఇంకో ట్రే బోర్లించి, తాడు కట్టి మరీ తీసుకెళ్ళిందమ్మా. నీకు చెప్పొద్దంది. అయ్యో, చెప్పేసేను."

"నాకెందుకు చెప్పకూడదండీ?"

"ఆపరేషనుకి కదా. పిల్లలు పుట్టకుండా. ఖాళీ కడుపుతో తీసుకురమ్మన్నారంట. రాత్రి నుంచీ మెతుకు పెట్టలేదు, గుమ్మంలో ఒకటే ఏడుపు పాపం. తెల్లారేసరికి ఎక్కడికో పోయొచ్చి బుద్ధిగా పడుకుంది."

గుల్షన్ కాళ్ళు మిషను మీద ఆగిపోయాయి. తన ఆపరేషను రోజు గుర్తుకొచ్చింది. పక్క మంచం మీద ఆవిడ ఎవరికీ తెలియకుండా కాఫీ తాగిందని తెలిసి నర్సు ఎంత కేకలేసిందనీ! మత్తులో ఉన్నప్పుడు కక్కితే అదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నీ ప్రాణం మేం తేగలమా అంది. ఆ మాట గుల్షన్ ఎలా మరిచిపోతుంది?

గాయత్రికి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఎత్తడం లేదు. భర్త నాగూర్ ఆటో గుండుగొలను కిరాయికి పోయింది. సగం కుట్టిన జాకెట్టు సూది కిందే వదిలేసి, కొంగు తలమీదికి లాక్కుని గుల్షన్ రోడ్డుమీదికి పరిగెత్తింది.

బస్సు దొరికింది గానీ అది కదిలితేగా. దారిపొడుగునా కాలేజీ పిల్లలు ఎక్కుతున్నారు, దిగుతున్నారు. రైసుమిల్లు దగ్గర లారీ ఒకటి అడ్డంగా తిరుగుతూ అక్కడే నిలబడిపోయింది. నోట్లో తడి లేదు. మింగడానికి ఉమ్మి కూడా లేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఎత్తమ్మా గాయత్రీ, ఎత్తు తల్లీ," అంటూ ఉంటే పక్కనున్న పిల్లలు తిరిగి చూశారు. చూస్తే చూశారు. నా చేత్తో పెట్టిన ముద్దే దాన్ని చంపేస్తుందే అని లోపల ఒకటే దడ.

ఆసుపత్రిలో గాయత్రి బెంచీమీద కూర్చుని ఉంది, బడికోసం చప్పుడు తీసేసిన ఫోను సంచిలో పడి ఉంది. లోపలి తలుపు దగ్గరగా వేసి ఉంది. గుల్షన్ ఆవిడ వైపు చూడనైనా చూడకుండా తలుపు నెట్టేసింది.

"ఆపండి డాక్టరుగారూ! దాని కడుపులో అన్నముంది!"

బల్లమీద పిల్లి పక్కకి వాలి ఉంది. మొదటి మత్తు సూది అప్పుడే పడింది. రెండోది డాక్టరు చేతిలో ఉంది.

"లేదక్కా, నేను రాత్రి నుంచీ ఏమీ..." అంటూ గాయత్రి వెనకాలే వచ్చింది.

"నేను పెట్టేనమ్మా. తెల్లారగట్ల చేప తలకాయ, అన్నం. రోజూ పెడతన్నాను."

ఆ మాట పూర్తయిందో లేదో, పిల్లి డొక్కలు ఎగిరిపడ్డాయి. మెడ సాగింది. డాక్టరు సూది పక్కన పడేసి, పిల్లిని ఒక్క ఉదుటున బల్ల అంచుకి జరిపి, తల కిందికి వాల్చి నాలుక బయటికి లాగారు. కక్కింది. అన్నం, ముళ్ళు, మళ్ళీ అన్నం. ఆయన దాని నోట్లో దూది పెట్టి తుడుస్తున్నారు. తర్వాత దాని గుండెకి గొట్టం ఆనించి విన్నారు, ఇటు తిప్పి విన్నారు, అటు తిప్పి విన్నారు.

"లోపలికేం పోలేదు," అన్నారు చివరికి. "ఈ రెండో సూది కూడా పడి ఉంటే దానికి గొంతు బిగించుకునే తెలివి ఉండేది కాదు. ఈ రోజుకి వద్దు. నాలుగు రోజులాగి తీసుకురండి. పేరేమిటన్నారు దీనిది?"

"మల్లి," అంది గాయత్రి. "మున్నీ," అంది గుల్షన్. రెండూ ఒక్కసారే.

"అదీ సంగతి. రెండు పేర్లున్న పిల్లికి రెండు భోజనాలుంటాయి మరి."

బయటికొచ్చాక గాయత్రి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "చచ్చిపోయేదక్కా! ఒక్క మాట చెప్పొచ్చు కదా, పెడుతున్నానని," అంది.

"మీరు చెప్పేరా? ఆపరేషనని తెలిస్తే పెడతానా నేను? నా దగ్గరెందుకు దాచేరు?"

గాయత్రి తల దించుకుంది. "గర్భసంచి అనే మాట మీ ముందర అనలేకపోయేను."

"పోయింది సంచి గానీ, చెవులు కాదు కదమ్మా," అంది గుల్షన్.

వస్తున్న నవ్వు ఆపుకోలేక గాయత్రి ఇంకా ఏడ్చింది.

ఆ నాలుగు రోజులూ గండుపిల్లులు గోడమీద కాపలా కాశాయి. ఒక్కసారి బయటపడిందంటే మళ్ళీ కడుపే, ఆ తర్వాత చావే. గాయత్రి దాన్ని గదిలో పెట్టి కిటికీ కూడా తెరవలేదు. ఆపరేషను రోజున తెల్లవారుజామున గుల్షన్ పొయ్యి వెలిగించలేదు.

"పిల్లికి ఆపరేషనైతే నాకు పస్తేంటే?" అన్నాడు నాగూర్.

"తాలింపు వాసన అటు పోతే అది గదిలో తలుపుకి తల బాదుకుంటుంది. అరటిపళ్ళున్నాయి, తినండి. నేనూ అదే తింటన్నాను."

అవి తిని, నీళ్ళు తాగి, సణుక్కుంటూనే ఆటో బయటికి తీసి ముగ్గుర్నీ గూడెం తీసుకెళ్ళాడు.

డాక్టరు చేతులు కడుక్కుంటుంటే గుల్షన్ దగ్గరికెళ్ళి, "ఏం చేస్తారో నాకు చెప్పండి. నాకు చేసినప్పుడు ఎవరూ చెప్పలేదండీ," అంది.

ఆయన తువ్వాలు పక్కన పెట్టి ఆవిడకేసి తిరిగారు. "మత్తిచ్చి, పొట్ట దగ్గర బొచ్చు గొరుగుతామమ్మా. మందుతో తుడిచి, బొడ్డు కింద నా వేలి గోరు కంటే కొంచెం ఎక్కువగా కోస్తాను. పిల్లి గర్భసంచి మనుషుల్లా ఉండదు, పంగలకర్రలా రెండు కొమ్మలు. ఒక్కో కొమ్మ చివరా ఒక్కో అండాశయం. ఆ రక్తనాళాలు దారంతో గట్టిగా ముడేసి, అప్పుడు తీస్తాను. ముడి జారితే లోపల రక్తం కారిపోతుంది, అందుకే ఒకటికి రెండుసార్లు చూసుకుంటాను. తర్వాత లోపల ఒక కుట్టు, పైన ఒక కుట్టు."

"ముడి జారదు కదండీ?"

"జారనివ్వను."

"దానికి... లోపల వెలితి తెలుస్తుందాండీ?"

"కుట్టు నొప్పి తెలుస్తుందమ్మా. దానికి మందిస్తాను. ఆ వెలితి సంగతి నాకు తెలియదు."

తెలియదన్న ఆ మాట గుల్షన్‌కి నచ్చింది. బెంచీమీద గాయత్రి పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. లోపల గిన్నె చప్పుడైనప్పుడల్లా ఇద్దరి చేతులూ బిగుసుకునేవి.

తలుపు తెరుచుకుంది. ఆపరేషను బాగానే అయింది, కానీ పిల్లి లేవడం లేదు. ఒళ్ళు చల్లబడిపోయింది. కళ్ళు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. మత్తులో రెప్ప వెయ్యదు, ఎండిపోకుండా కంట్లో మందు రాశానన్నారు డాక్టరు. ముందు వెచ్చబెట్టండి అన్నారు. నాగూర్ భుజం మీది తువ్వాలు తీసి ఇచ్చాడు. దాంట్లో చుట్టి, వేడినీళ్ళ సీసాలకి గుడ్డ చుట్టి అటూ ఇటూ ఆనించారు. గాయత్రి దాని పాదాలు రుద్దుతోంది. గుల్షన్ దాని చెవి దగ్గర వంగింది. డొక్క కదులుతోందో లేదో కూడా కనబడడం లేదు.

"మల్లీ," అని పిలిచింది గుల్షన్. "మున్నీ," అని పిలిచింది గాయత్రి.

చెవి కొస కదిలింది. తర్వాత మీసం. ఏ పేరుకి కదిలిందో ఇద్దరికీ తెలియలేదు.

సాయంత్రానికి ఇంటికి తెచ్చారు. కుట్లు నాక్కోకుండా మెడకి గరాటులాంటి పట్టీ కట్టారు. దూకనివ్వద్దు, స్నానం వద్దు, మన మాత్రలు ఇంట్లో ఉన్నాయని వెయ్యద్దు, జ్వరం బిళ్ళ ఒక్కటి చాలు పిల్లి ప్రాణం తీయడానికి అని డాక్టరు మరీ మరీ చెప్పారు. తూలకుండా నిలబడ్డాక ముందు కాసిని నీళ్ళు పట్టమన్నారు.

మసీదు మైకు వినబడింది. ఆ రోజు గుల్షన్ ఇఫ్తారు గాయత్రివాళ్ళ వంటింట్లోనే. చేతిలో ఖర్జూరం ఉంది, నోట్లో పెట్టుకోలేదు. పిల్లి లేచింది, పడింది, మళ్ళీ లేచింది. గాయత్రి నీళ్ళ చెంచా దాని ముందు పెట్టింది. అది వాసన చూసింది. నాలుక చాపి ఒక్కసారి నాకింది.

"అమ్మయ్య, ఇంక తినవే తల్లీ, నువ్వు పడిపోతావు ఇప్పుడు," అంది సుందరమ్మ గుల్షన్‌తో.

అప్పుడు తిన్నది గుల్షన్.

ఇదర్రా సంగతి. మీరు దీన్ని మరిచిపోకండి. మీకు తెలిసినవాళ్ళెవరైనా పిల్లిని ఆపరేషనుకి తీసుకెళుతున్నామంటే, కూర్చోబెట్టి ఈ గుల్షన్ కథంతా చెప్పండి. ముందు గోడ అవతలివాళ్ళకి చెప్పి బయల్దేరమనండి.