కిటికీ అవతల లుసుంగు

మా రుంఫీ ఊరి బడిలో ఎనిమిదో తరగతికి ఉన్నదల్లా ఎనభై మూడు మంది పిల్లలు, ఒక నల్లబల్ల, నా బటన్ల ఫోను. ఫోనులో నెట్టు రాదు గానీ మాట రికార్డవుతుంది. దాన్ని వంతులవారీగా పిల్లల చేతికిచ్చి, "మీరే ఇంగ్లీషులో మాట్లాడండి, మీరే వినండి, మీరే దిద్దుకోండి" అని వదిలేశాను. గొప్ప మనసుతో కాదు, అంతమందిని దిద్దే ఓపిక లేక.

లుసుంగు సంగతి వేరు. ప్రశ్న అడిగితే చాలు, మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు దించుకుని గొణుగుతుంది. పెద్దవాళ్ళ ముందు ఆడపిల్ల అలాగే మాట్లాడాలని ఇంట్లో నేర్పారు. నన్నూ అలాగే పెంచారు. అయినా "గట్టిగా! నోట్లో న్సీమా ముద్ద ఉందా?" అని కసిరేదాన్ని. కిందటేడు ఇంగ్లీషు మాట్లాడే పరీక్షలో తప్పింది. ఈసారీ తప్పితే బడి మాన్పించేస్తానని వాళ్ళ నాన్న తేల్చేశాడు.

పరీక్ష ముందురోజు ఫోనులో దాని రికార్డులు విన్నాను. వంటపాక వెనక ఒంటరిగా కూర్చుని చెప్పినవి, పదిహేడు. తప్పు రాగానే "ఊహూ, మళ్ళీ" అని తనకు తనే చెప్పుకుని మొదలుపెట్టింది. పదిహేడోది గలగలా సాగిపోయింది. ఆ గొంతు లుసుంగుదంటే నమ్మలేకపోయాను.

మర్నాడు ఇన్‌స్పెక్టర్ మ్సిస్కా గారి ముందు మళ్ళీ అదే వరస.

"ఏమ్మా, చీమలతో మాట్లాడుతున్నావా?" అన్నారాయన.

నా ప్రాణం ఉసూరుమంది. ఫోను తీసి, "ఇందులో బాగా చెప్పింది సార్, వినండి" అన్నాను.

"పరీక్ష ఫోనుకా, పిల్లకా మేడమ్?" అంటూ ఆయన సున్నా వెయ్యబోయారు.

అప్పుడు లుసుంగు నేల చూస్తూనే అంది: "సార్, మీ మొహం కనబడకపోతే చెప్పగలను. కిటికీ అవతలికి వెళ్ళనా?"

ఆయన పకపకా నవ్వారు. "వెళ్ళు. అట్నుంచటే ఇంటికి పోయేవు!"

గోడ అవతల్నుంచి గొంతు లేచింది. వాళ్ళ మేకల గురించి, తప్పిపోయిన మేకపిల్ల గురించి చెప్పింది. ఒకచోట తడబడి, ఆగి, దిద్దుకుని ముందుకు సాగింది. అడిగినవాటన్నిటికీ జవాబిచ్చింది. మ్సిస్కా గారు పాసని రాశారు.

సంతోషంతో పాటు నాకు సిగ్గూ వేసింది. ఏడాదంతా అరిచానే తప్ప, నీకేం కావాలని దాన్ని ఒక్కసారీ అడగలేదు.

"తరవాత, అటుపెలే!" అని ఇంకో పిల్లను పిలిచారాయన. ఆ పిల్ల లేచి, తనూ మోకాళ్ళ మీద కూర్చోబోతూ నావైపు చూసింది.

"నువ్వెక్కడ నిలబడతావే తల్లీ?" అన్నాను.